రాహేలు భర్త ఇల్లు చేరిన వారం

బుధవారం మధ్యాహ్నం, భోజనాలు ముగిసిన తరువాత, పర్చూరులోని మార్కు గారి ఇంటి ముందుగదిలో హాజరైనవారు, కూర్చున్న క్రమంలో, వీరు. మొదట, మిషను హైస్కూలు ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన మార్కు గారు, చేతుల కుర్చీలో. వారి పక్కన భార్య ఎలీసమ్మ, చాప మీద, గోడకు చేరగిలబడి. తరువాత వారి కుమారుడు క్రీస్తుదాసు కూర్చునే స్టూలు, ఖాళీగా. తరువాత కోడలు జయకుమారి. చివర, గుమ్మం దగ్గర, అన్న సమాధికి చీరాల నుంచి వచ్చి ఇంకా వెళ్ళని కుమార్తె సంతోషకుమారి.

కుటుంబ ప్రార్థనకు ఆ ఇంట ఏనాడో ఏర్పడిన క్రమం అది. ఆ మధ్యాహ్నం ప్రార్థన లేదు. అయినా ఎవరి చోట వారే కూర్చున్నారు. స్టూలును ఎవరూ జరపలేదు. ఊడ్చేటప్పుడు కూడా జయకుమారి దాని చుట్టూనే ఊడుస్తూ వచ్చింది.

చాప మధ్యలో రాసిన కాగితాలు ఉన్నాయి. గాలికి ఎగరకుండా వాటి మీద ఇత్తడి గ్లాసు పెట్టింది సంతోషకుమారి. వంటింట్లో పీట మీద ఉన్నవాటిని అందరి ముందుకూ తెచ్చింది కూడా ఆమే.

"రేపు అన్నయ్య పేరున ఆదరణ కూడిక," అంది సంతోషకుమారి. "పాస్టరు గారొస్తారు. అన్నయ్య స్కూలు మొత్తం వస్తుంది. నువ్వేమో పొయ్యి దగ్గర కూర్చుని కథ రాసుకుంటున్నావ్ వదినా."

"రాశాను."

"అన్నయ్య మీద మట్టి ఇంకా ఆరలేదు."

"రాశానన్నాను కదా సంతోషం. దాచలేదుగా."

"దాచుకుని రాసినా బాగుండేది. కనీసం సిగ్గు ఉందనుకునేవాళ్ళం."

జయకుమారి ముఖంలో కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. బడి మైదానంలో ఆటల పోటీల నాడు, నోట్లో ఈల ఉండగానే క్రీస్తుదాసు కూలిపోయాడని కబురు వచ్చినప్పుడు ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కబురు విని, చేటలో మిగిలిన బియ్యం కూడా ఏరి, డబ్బాలో పోసి, మూత పెట్టి, అప్పుడు లేచింది. ఆ సంగతి ఊళ్ళో ఇంకా చెప్పుకుంటున్నారు.

మార్కు గారు గొంతు సవరించుకున్నారు.

"విషయాన్ని విషయంగా పరిశీలిద్దాం. ధారావాహిక ప్రతి వారం ఇస్తానని జయకుమారి పత్రిక వారికి మాట ఇచ్చింది. ఇచ్చిన మాట ఒక బాధ్యత. ఇంట్లో మరణం సంభవించిందన్న కారణంగా నేను ఒక్క రోజు కూడా స్కూలు అసెంబ్లీ రద్దు చేయలేదు."

"తెలుసు నాన్నగారూ," అంది సంతోషకుమారి. "నాయనమ్మ పోయినరోజు కూడా బెల్లు కొట్టించారు."

"కొట్టించాను. కనుక రాసినందుకు నేను ఆక్షేపించను. పంపవలసిన కాగితాలు ఉన్నాయి, పంపవలసిన రోజు ఇదే. ఇంకా ఎందుకు పంపలేదన్నదే నా ప్రశ్న."

అందరూ జయకుమారి వైపు చూశారు. ఎలీసమ్మ తప్ప. ఎలీసమ్మ సమాధి దొడ్డి నుంచి తిరిగివచ్చింది మొదలు ఎవరి వైపూ చూడటం లేదు. అడిగినదానికి ఊ అంటుంది, లేదా అదీ అనదు.

"బాగుందో లేదో తెలియట్లేదు మావయ్యగారూ," అంది జయకుమారి. "ఆయన చదవలేదుగా."

జయకుమారి రచన ఎలా నడిచేదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఉద్యోగం వదులుకుని కలం మీదే నిలబడతానని ఆమె నిర్ణయించుకున్నప్పుడు మార్కు గారు ఆమెతో చాలా కాలం మాట్లాడలేదు. ఆమె రాసేది తెల్లవారగట్ల, అన్నం ఉడికే వేళ, పొయ్యి పక్కన పీట మీద. పాత్రకు పేరు పెట్టాలంటే ఆ పేరును దొడ్లో నిలబడి పిలిచి చూడమనేది భర్తను. క్రీస్తుదాసు డ్రిల్లు మాస్టారు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించే గొంతు. "రాహేలూ" అని అతను మూడు వీధులకు వినబడేలా కేక వేస్తే, పక్కింటి వెంకటరావమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఎవరండీ మాస్టారూ, చుట్టాలొచ్చారా?" అనేది. కేకకు నిలబడిన పేరే కథలోకి వెళ్ళేది. ఇప్పుడు నడుస్తున్న నవలలో నాయిక రాహేలు అలాగే వచ్చింది.

భాగం పూర్తయ్యాక క్రీస్తుదాసు ఆ స్టూలు మీద కూర్చుని బిగ్గరగా చదివేవాడు. జయకుమారి గోడ వైపు తిరిగి వినేది. ముఖం కనిపిస్తే ముఖాన్నే వింటానని ఆమె అనేది. అతను ఎక్కడ తడబడితే అక్కడ, వెనక్కి తిరగకుండానే, వేలితో గోడ మీద ఒక గీత గీసేది. చదవడం అయ్యాక ఆ చోట్లన్నీ తిరగరాసేది.

"ఇంతేనా సమస్య?" అన్నారు మార్కు గారు. "చదివే మనిషి కావాలి. అంతే కదా. ఇటు ఇవ్వు."

ఇత్తడి గ్లాసు తీసి పక్కన పెట్టి, కాగితాలు అందుకుని, కళ్ళద్దాలు సరిచేసుకున్నారు. జయకుమారి ఒక్క క్షణం ఆలోచించి గోడ వైపు తిరిగింది.

వారు చదివారు. అసెంబ్లీలో ప్రతిజ్ఞ చదివించినట్టుగా, ప్రతి కామా దగ్గరా తగినంత, ప్రతి వాక్యాంతంలోనూ అంతకు రెట్టింపు ఆగుతూ చదివారు. రాహేలు పత్తి తీత నుంచి చేలో గట్టు మీదుగా ఇంటికి రావడం, ఒడిలోని పత్తి దులిపి పొయ్యి ముట్టించడం, వీధిలో చెప్పుల చప్పుడు విని ఎవరో అనుకోవడం. పోట్లాడి ఇల్లు వదిలివెళ్ళిన భర్త ఈ భాగంలో తిరిగి వస్తాడు. ఆఖరి పేజీ దాకా వారి గొంతు ఎక్కడా వణకలేదు, నాలుక ఎక్కడా తట్టుకోలేదు.

"ఒకచోట వాక్యం మరీ పొడుగైంది," అన్నారు కాగితాలు సమంగా సర్దుతూ. "దాన్ని రెండుగా విరిచి చదివాను. మిగిలినదంతా నిర్దుష్టంగా ఉంది."

జయకుమారి ఇటు తిరిగింది. ఆమె వేలు గోడను ఒక్కసారీ తాకలేదు.

"నాకేం వినపడలేదు మావయ్యగారూ."

"నేను బిగ్గరగానే చదివాను."

"చదివారు. మీ గొంతే వినపడింది. కథ వినపడలేదు."

సంతోషకుమారి గుమ్మానికి తల ఆనించి, "హెడ్మాస్టరు గారికి సున్నా," అంది. నవ్వుతున్నట్టు లేదు ఆమె గొంతు.

మార్కు గారు కళ్ళద్దాలు తీశారు. "తడబడటాన్ని ప్రతిభగా పరిగణించే పద్ధతి నేను ఎక్కడా చూడలేదు. వాడు చదవలేక తడబడేవాడు జయా. చిన్ననాటి నుంచీ అంతే. నాలుగో తరగతి వాచకం కూడా సాఫీగా అప్పజెప్పలేదు."

"చదవలేక కాదండీ."

"మరి?"

"కష్టమైన మాటల దగ్గర తడబడితే నేను లెక్కచేసేదాన్ని కాదు. మామూలు మాటల దగ్గర ఆగేవారు ఒక్కోసారి. 'మంచినీళ్ళు' అన్న మాట దగ్గర ఆగిపోయారు ఒకసారి. ఎందుకాగారంటే, ఏమో, నోరు తిరగలేదు అన్నారు. తరవాత చూసుకుంటే అక్కడ కథలో పిల్ల మొగుణ్ణి మంచినీళ్ళు అడుగుతోంది. అంత కోపంలో ఉన్న పిల్ల ఎందుకడుగుద్ది? గొంతెండి చచ్చినా అడగదు." ఆమె చెప్పడం ఆపి, పాఠం పూర్తి చేస్తున్నట్టుగా అంది, "ఆయనకి అబద్ధం నోరు తిరగదు. అంతే."

మార్కు గారు కళ్ళద్దాల పెట్టె తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు.

"మరైతే ఇదేంటి?" అంది సంతోషకుమారి. "రాహేలు మొగుడు ఇంటికొచ్చాడని రాశావ్. పోయినోడు తిరిగొచ్చాడని. మా అన్నయ్యని కథలోకి ఎక్కించావు, అంతేగా? రేపు వచ్చినవాళ్ళందరూ వచ్చే వారం అది చదువుకుంటారు."

"తిరిగొస్తాడని క్రిస్మసుకి ముందే అనుకున్నాం. మీ అన్నయ్యే గొడవ చేశారు. ఇంకెన్నాళ్ళు తిప్పుతావ్ వాణ్ణి బయట, ఎండలో పాపం, ఇంట్లోకి రానియ్యి అని."

"ఇప్పుడు మార్చొచ్చుగా."

"ఏమని మార్చను?"

సంతోషకుమారి గోడ మీది పాత గీతల వైపు చూసింది. సున్నం మీద వేలి జిడ్డుతో ఏర్పడిన చిన్న చిన్న మరకలు, ఒకదాని కింద ఒకటి.

బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. పేపరు ఏజెంటు మీరా హుస్సేన్ అరుగు ఎక్కి, లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు. ప్రతి బుధవారం ఈ ఇంటి కవరు తీసుకెళ్ళి విజయవాడ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేది అతనే.

"నమస్తే మాస్టారూ. అమ్మగారూ, కవరుందాండీ? ఉంటే ఇయ్యండి, లేకపోయినా నేనేం అనుకోను."

"ఈ వారం లేదన్నా," అంది జయకుమారి.

మీరా హుస్సేన్ తల గోక్కున్నాడు. "లేదంటే కష్టమమ్మా. పోయిన వారం మీరు ముందుగా పంపిందేదో ఉంటే వేశారంట. ఇప్పుడు వాళ్ళ దగ్గరేం లేదు. ఈ వారం అందకపోతే కథ ఆపేసి వేరేది మొదలుపెడతామని ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పారు. ఆపితే మళ్ళీ మొదలెట్టరంట." కొంచెం ఆగి, గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో జమీలా కూడా అడుగుతుంది. రాహేలు మొగుడు వచ్చాడా లేదా అని. నేనేమన్నా వాడి బావమరిదినా నాకు తెలియడానికి."

ఎవరూ నవ్వలేదు. అతను తన మాటకు తానే నొచ్చుకుని, అరుగు మీద ఒక పక్కకు కూర్చున్నాడు. "బస్సుకి ఇంకా టైముందిలెండి. కూర్చుంటాను."

"నువ్వు చదువు సంతోషం," అన్నారు మార్కు గారు.

"నేను చదవను."

"ఒక పని ఆగిపోతున్నది."

"ఆగనీండి నాన్నగారూ. అన్నీ ఆగిపోయాయిగా. ఇదొక్కటి నడవాలా?"

"పోనీండి," అంది జయకుమారి. ఆమె కాగితాలు తీసుకుని రెండుగా మడవబోయింది. మడిస్తే అవి ఎక్కడికి వెళతాయో ఆమెకు తెలుసు. పొయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఈ భాగం పోతే నవల పోతుంది. నవల పోతే మళ్ళీ ఆ పీట మీద కూర్చుంటానన్న నమ్మకం ఆమెకు లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు.

అప్పుడు ఎలీసమ్మ లేచింది.

గోడ పట్టుకుని, మోకాళ్ళు ఒకదాని తరువాత ఒకటి సర్దుకుంటూ లేచింది. తన చోటు వదిలి, రెండడుగులు పక్కకు వేసి, కొడుకు స్టూలు మీద కూర్చుంది. స్టూలు కిర్రుమంది.

"ఇలా ఇవ్వమ్మాయ్," అంది ఎలీసమ్మ.

"నీకు బైబిలు తప్ప ఇంకొకటి చదివే అలవాటు లేదు కదా ఎలీసమ్మా," అన్నారు మార్కు గారు మెల్లగా.

"అక్షరాలు పెద్దవేగా."

నిజమే. జయకుమారి రాత పెద్దది, గుండ్రనిది, పంక్తికి పంక్తికి వేలు పట్టేంత ఎడం. తడుముకుంటూ చదివే ఒక మనిషి కోసం అలవాటైన రాత అది.

ఎలీసమ్మ దారం కట్టిన కళ్ళద్దాలు చెవులకు తగిలించుకుంది. జయకుమారి గోడ వైపు తిరిగింది.

ఎలీసమ్మ పంక్తి కింద వేలు పెట్టి చదవసాగింది. చిన్నప్పుడు ఇంటింటికీ వచ్చే మిషను బైబిలు స్త్రీ దగ్గర అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఏది చదివినా కీర్తనల గ్రంథం చదివే రాగమే వస్తుంది. రాహేలు పత్తి చేలో గట్టు దిగడం కూడా ఆ రాగంలోనే దిగింది. మాట మాటకూ ఆగింది, కూడబలుక్కుంది, కొన్ని మాటలు రెండుసార్లు చదివింది. మొదటి పేజీ చివర అలవాటుగా "ఆమేన్" అని, పేజీ తిప్పింది. అరుగు మీద మీరా హుస్సేన్ తల వంచుకుని వింటున్నాడు.

జయకుమారి వేలు కదలలేదు. అన్ని చోట్లా తడబడుతుంటే గీత ఎక్కడ గీయాలి?

"గు...మ్మంలో చె...ప్పులు విడిచి," ఎలీసమ్మ చదివింది, "ముక్కు పైకె...త్తి, చెప్పకు, చెప్పకు, నేనే చెప్తా, దోస...కాయ పప్పు, అన్నాడు. రాహేలు మూత తీ...సింది. దోసకాయ..."

ఆగిపోయింది.

వేలు ఆ పంక్తి కిందే ఉంది. మిరప బస్తాల లారీ ఒకటి గుంటూరు వైపు పోతూ వీధంతా ఘాటు వదిలి వెళ్ళింది. సంతోషకుమారి దగ్గింది, మార్కు గారు దగ్గారు. కళ్ళు మండి అందరికీ నీళ్ళు వచ్చాయి. కిటికీ వేయడానికి ఎవరూ లేవలేదు.

"పెద్ద మాటేం కాదే అది," అన్నారు మార్కు గారు. "పప్పే. దోసకాయ పప్పే."

"తెలుసు," అంది ఎలీసమ్మ. కళ్ళద్దాల మీదుగా కోడలి వీపు వైపు చూసింది. "వాడికేనాడు తెలిసిందమ్మాయ్?"

"ఏంటత్తయ్యా?"

"కూర. గుమ్మంలో అడుగుపెట్టి రోజూ ఇదే గోలగా. ఏనాడన్నా సరిగ్గా చెప్పాడా వాడు? గోంగూర వండితే చేపలంటాడు."

"చేపలు వండితే వంకాయంటాడు," అంది సంతోషకుమారి గుమ్మం దగ్గర నుంచి. అన్నాక, ఎందుకన్నానా అన్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరిక్కడ సరిగ్గా చెప్పినట్టు రాశావే?"

జయకుమారి గోడ వైపే తిరిగి అంది.

"ఒక్కసారన్నా సరిగ్గా చెప్పనిద్దామనిపించింది."

"వద్దమ్మా," అంది ఎలీసమ్మ. "సరిగ్గా చెబితే వాడు కాదు. ఎవడో వచ్చి ఇంట్లో కూర్చున్నట్టుంది."

జయకుమారి వేలు గోడను తాకింది. పాత మరకల కింద, నెమ్మదిగా, ఒక గీత గీసింది.

తరువాత జరిగినదానిలో మాటలు తక్కువ. ఆమె వంటింటి నుంచి కలం తెచ్చుకుని, చాప మీదే కూర్చుని, ఆ పంక్తులూ వాటి కింద మిగిలినవీ కొట్టేసి, అంచున కొత్తవి రాసింది. అంతే పెద్ద అక్షరాలతో రాసింది. తిరిగి అత్తగారి చేతికి ఇచ్చింది. ఎలీసమ్మ చదివింది.

"చెప్పకు, చెప్పకు, నేనే చెప్తా. చేపల పులుసు, అన్నాడు. రాహేలు చెయ్యి కుండ మూత మీద ఉంది. అవునని అనలేదు. కాదని అనలేదు."

ఈసారి ఎలీసమ్మ ఆ చోట ఆగలేదు. కాగితంలో ఇక రాత లేదు కనుక ఆపింది.

"మూత తీస్తుందా?" అంది సంతోషకుమారి.

"తెలియదు."

"అన్నం పెడుతుందా వాడికి?"

"తెలియదు సంతోషం. వచ్చే వారానికి తెలియాలి."

"వచ్చే వారం నేనుండను వదినా. నా డ్యూటీ ఉంది." ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. తిరిగివచ్చినప్పుడు ఆమె వేలి కొసన నాలుగు అన్నం మెతుకులున్నాయి. కాగితాలు కవరులో పెట్టి, అంచు మీద మెతుకులు మెదిపి అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కింది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా గడప మీద పెట్టింది.

మీరా హుస్సేన్ కవరు తీసుకుని చొక్కా లోపల దోపుకున్నాడు. "జమీలాకి ఏం చెప్పమంటారమ్మా? వచ్చాడని చెప్పనా?"

"గుమ్మం దాకా వచ్చాడని చెప్పన్నా."

సైకిలు చప్పుడు వీధి మలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

ఎలీసమ్మ స్టూలు మీద నుంచి లేవలేదు. వచ్చే బుధవారం అక్కడ ఎవరు కూర్చుంటారని ఎవరూ అడగలేదు. ఆమె కళ్ళద్దాలు తీసి, దారం చుట్టి, ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఖాళీ అయిన ఆమె చోటు వైపు మార్కు గారు కొంతసేపు చూశారు. తరువాత చేతుల కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. సంఘ కమిటీలో తీర్మానం చదివేటప్పుడు ఎలా నిలబడేవారో అలాగే, చొక్కా గుండీ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"ఇక్కడ హాజరైన వారందరి పక్షాన ఒక విషయం నమోదు కావాలి," అన్నారు. గొంతు నిలకడగానే ఉంది, కాని మాటకు మాటకూ మధ్య వారికి అలవాటు లేని ఎడం వచ్చింది. "నేను పొరపాటు లేకుండా చదివిన పేజీనే, శ్రీమతి ఎలీసమ్మ గారు తమ కుమారుని స్థానంలో కూర్చుని చదివి, ఆగవలసిన చోట... ఆగి, ఆగిన కారణాన్ని తెలియజేసినందుకు, ఈ కుటుంబం వారికి తన కృ... కృతజ్ఞతను తెలుపుకుంటున్నది."